సంఘ సేవకులకు బిడ్డల రక్షణ నేర్పు విధము

మా పాఠశాల పై తరగతుల బాలబాలికలలో పలువురు వేసవి సెలవులలో తమ తమ గ్రామముల సంఘములకు వెళ్లి, సెలవు బైబిలు బడులయందు చిన్న పిల్లలకు పాటలును కథలును నేర్పుచుందురు. మా పూర్వ విద్యార్థులలో ఆదివారపు బడి ఉపాధ్యాయులుగను, గాయక బృంద నాయకులుగను, యౌవనుల సమాజములకు కార్యదర్శులుగను ఉన్నవారు ఎందరో కలరు. వీరికి గ్లాసెడు తేనీరును, రెండు బిస్కత్తులును తప్ప వేరు ప్రతిఫలము లేదు. తలిదండ్రులు వీరిని నమ్మి తమ బిడ్డలను పంపుచున్నారు. ఆ బిడ్డలకు ఎవరివలననైనను కీడు కలుగకుండ కాచుట యెట్లు? కలిగినదని తెలిసినప్పుడు చేయవలసినదేమి? ఈ రెండు సంగతులను ఈ సేవకులకు ఏ విధముగ నేర్పినచో అవి మనస్సున నిలిచి, సమయమునకు అక్కరకు వచ్చునో ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

విషయము వినుటకు ఇంపైనది కాదు. పాఠశాల పత్రికయందు ఇట్టిది వేయవచ్చునా యని శంకించు చదువరులు ఉండవచ్చును. కాని 2007వ సంవత్సరమున భారత ప్రభుత్వపు మహిళా శిశు అభివృద్ధి శాఖవారు ప్రకటించిన నివేదికను చూచినవారికి ఆ శంక యుండదు. ఆంధ్రప్రదేశముతో కూడ 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను అడిగి వ్రాసిన నివేదిక యది. అందు 53 శాతమునకు మించిన పిల్లలు ఏదో యొక విధమైన లైంగిక దౌర్జన్యమునకు లోనైనట్లు చెప్పిరి. అట్లు చెప్పినవారిలో బాలుర సంఖ్య బాలికల సంఖ్యకు తీసిపోలేదు. దౌర్జన్యము చేసినవారిలో సగముమంది పిల్లలు ఎరిగినవారే, లేక పిల్లలు నమ్మవలసిన స్థానమునందు ఉన్నవారే. బాధపడిన పిల్లలలో ఎక్కువమంది ఆ సంగతి ఎవరికిని చెప్పలేదు. అపాయము వెలుపలినుండి వచ్చునను తలంపుతో ప్రహరీగోడ యెత్తు పెంచుకొను సంఘములవారు ఈ తుది రెండు వాక్యములను మరియొకమారు చదువుట మంచిది.

చెప్పని పిల్లలు ఎన్నాళ్లకు చెప్పుదురు? ఆస్ట్రేలియా దేశమున మత సంస్థలు, పాఠశాలలు, అనాథాశ్రమములు మొదలగు వానిలో బిడ్డలకు జరిగిన దౌర్జన్యమును విచారించుటకు 2013లో ఒక రాజ విచారణ సంఘము పని ప్రారంభించి, 2017 డిసెంబరులో తుది నివేదిక సమర్పించెను. బాధితులు ఎనిమిది వేలమందికి పైగా ఆ సంఘము నెదుట ఏకాంతముగ తమ కథలు చెప్పుకొనిరి. వారు మొట్టమొదటిసారి నోరు విప్పి ఒకరికి చెప్పుటకు సగటున సుమారు 24 సంవత్సరములు పట్టినదని ఆ నివేదికవలన తెలియుచున్నది. ఏడేండ్ల పిల్ల ముప్పది దాటిన పిదప గాని చెప్పలేకపోవుట యనగా, ఆ నడుమ ఆమె చుట్టును మంచివారు ఎందరో ఉండి కూడ వినుటకు సిద్ధముగ ఎవ్వరును లేరనుటయే కదా. శిక్షణ యనునది వినుటకు సిద్ధముగ నుండువారిని తయారుచేయుటకు గాని, నీతి బోధించుటకు గాదు. పిల్లలను హింసింపరాదని తెలియని సేవకుడు లేడు.

ఇట్టి శిక్షణలు కొన్ని సంఘములలో ఇదివరకే జరుగుచున్నవి. సాధారణముగ అవి యీ రీతిగ నుండును: ఒక శనివారమున రెండు వందలమందిని దేవాలయములో కూర్చుండబెట్టుదురు. పట్టణమునుండి వచ్చిన వక్త రెండు గంటలు ఉపన్యసించును. తెరమీద బొమ్మలు చూపుదురు. భోజనానంతరము ధ్రువపత్రములు పంచి, ఛాయాచిత్రము తీసికొందురు. వక్త చెప్పినదంతయు సత్యమే. ఐనను మూడు నెలలు గడచిన పిమ్మట ఆ ధ్రువపత్రము గలవారిలో ఒకరిని పిలిచి, "ఒక పిల్ల వచ్చి ఇట్లు చెప్పినది, నీవు ఎవరికి ఫోను చేయుదువు?" అని అడిగినచో, "అయ్యగారితో చెప్పెదను" అను ప్రత్యుత్తరము తప్ప రెండవది రాదు. ఆ అయ్యగారినిగూర్చియే పిల్ల చెప్పినయెడల ఏమనుదురో!

వినిన సంగతి చేతకు రాకపోవుటకు కారణము అజ్ఞానము కాదని మా యభిప్రాయము. మన దేశమున దానికి చక్కని పేరు కలదు, అది మొగమాటము. పెద్దవారిని అడ్డగింపలేని మొగమాటము, తోటి సేవకుని అనుమానింపలేని మొగమాటము, దేహముయొక్క భాగములను పేరుపెట్టి పలుకలేని మొగమాటము, సంఘము పేరు చెడునేమో యని నోరు మూసికొను మొగమాటము. బిడ్డకు కీడు తలపెట్టువాడు మిక్కిలి నేర్పుతో వాడుకొను ఆయుధము ఇదియే. కావున మొగమాటమును కదలింపని శిక్షణ ఎంత పాండిత్యముతో నిండినను నిష్ప్రయోజనము.

ఇది మన జాతికి మాత్రమే గల దోషమని తలంపనక్కరలేదు. ఇంగ్లండులో జాన్ స్మిత్ అను ప్రఖ్యాత న్యాయవాది, ఉన్నత పాఠశాలల బాలురకు నడుపబడు క్రైస్తవ వేసవి శిబిరములలో నాయకుడుగ నుండి, కొందరు బాలురను పాపపరిహారమను నెపముతో రక్తము వచ్చునట్లు బెత్తములతో కొట్టుచుండెను. 1982లో ఒక మతగురువు బాధితులతో మాటలాడి సంగతియంతయు వ్రాసి కొందరు పెద్దలకు అందజేసెను. వారందరును చదివిరి, నొచ్చుకొనిరి. పోలీసులకు మాత్రము చెప్పలేదు. శిబిరముల పని చెడుననియే వారి భయము. స్మిత్ 1984లో జింబాబ్వే దేశమునకు పోయి అచ్చటను బాలుర శిబిరములు పెట్టి అట్లే కొట్టెను. 1992లో ఆ శిబిరమొకదానియందు పదునారేండ్ల బాలుడొకడు మరణించెను. 2018లో స్మిత్ మరణించువరకు ఏ న్యాయస్థానమును అతనిని శిక్షింపలేదు. 2024 నవంబరులో దీనినిగూర్చి స్వతంత్ర విచారణ నివేదిక వెలువడగా, కొలది దినములలోనే కాంటర్బరీ ఆర్చిబిషప్పు తన పదవిని విడుచుచున్నట్లు ప్రకటించెను. 1982లో ఆ కాగితమును చదివినవారిలో ఒక్కరైనను లేచి పోలీసు ఠాణాకు పోయి యుండినచో, జింబాబ్వే బాలురు ఆ బెత్తములను ఎరుగకుండ నుందురు. చదువుకొన్నవారికి, భక్తిపరులకు, మర్యాదస్థులకు కూడ ఆ అడుగు ఎంత కష్టమో ఇందువలన తెలియుచున్నది.

ఇక నేర్పుట యెట్లు? మొదట మనుష్యుల సంఖ్యను తగ్గింపవలెను. ఒక గదిలో పన్నెండుగురు, పదునైదుగురు మించరాదు. ఉపన్యాసము అరగంటలో ముగింపవలెను. తక్కిన కాలమంతయు నోటితోను చేతితోను చేయు అభ్యాసమునకే ఇయ్యవలెను. ఈత నేర్పువాడు గట్టుమీద కూర్చుండి పుస్తకము చదివి వినిపింపడు గదా. ఒక్కనాడు ఆరు గంటలు నేర్పుటకంటె వారమునకు గంటన్నర చొప్పున నాలుగు వారములు నేర్పుట మేలు. నడుమ దినములలో నేర్చినది మరచిపోవుటకును, మరల జ్ఞప్తికి తెచ్చుకొనుటకును వీలు కలుగును. అట్లు మరచి తెచ్చుకొన్నదే నిలుచును. ఈ సంగతి మా ఉపాధ్యాయులు ఎక్కముల విషయమున బాగుగ నెరుగుదురు.

సంఘపెద్దలును, పాస్టరుగారును, ఆయన భార్యయు ఆ గదిలో అందరితోపాటు కూర్చుండవలెను. వారు ప్రారంభ ప్రార్థన చేసి వెళ్లిపోవు శిక్షణవలన, ఈ నియమములు చిన్నవారికే గాని పెద్దవారికి కావను పాఠము మొదటనే నేర్పబడుచున్నది. నేర్పువారు సంఘమునకు చెందనివారైన మరింత మంచిది. ప్రతి జిల్లాయందును ప్రభుత్వపు జిల్లా బాలల సంరక్షణ విభాగము కలదు. అచ్చటి ఉద్యోగులను పిలువవచ్చును. సమీపపు ఠాణాలోని మహిళా సబు ఇన్స్పెక్టరును ఒకమారు పిలిచి పరిచయము చేసికొనుట యొక చిన్న పనియే, కాని దాని ఫలము గొప్పది. ముఖమెరిగిన ఉద్యోగికి ఫోను చేయుట సులభము.

మరియొక సంగతి. పదునైదుగురు కూర్చున్న గదిలో చిన్నతనమున ఇట్టి బాధ పడినవారు ఒకరిద్దరైనను ఉందురని తలంచియే ప్రారంభింపవలెను. ఎప్పుడైనను లేచి వెలుపలికి పోవచ్చునని, కారణమెవ్వరును అడుగరని ముందుగనే చెప్పి, వెలుపల వారితో కూర్చుండుటకు నెమ్మదిగల స్త్రీ నొకతెను ఏర్పాటు చేయవలెను. ఎవరి గాయమును సభలో చెప్పుమని బలవంతపెట్టరాదు.

మొదటి యభ్యాసము వినుట. ఇద్దరిద్దరిని ఎదురెదురుగ కూర్చుండబెట్టి, ఒకరు ఎనిమిదేండ్ల పిల్లవలెను, ఒకరు ఉపాధ్యాయురాలివలెను మాటలాడవలెను. బడి విడిచిన పిమ్మట పిల్ల వెనుకబడి, "టీచర్, నేను ఆ అన్న దగ్గర కూచోను" అనును. ఇంతే. ఇచ్చట మన సేవకుల నోట సహజముగ వచ్చు మాటలను మేము వ్రాసి చూపెదము: "ఛ, అట్లా అనకూడదు, అన్న మంచివాడు." "నిజంగానా? అబద్ధం కాదు కదా?" "అయితే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" "సరేలే, ఎవరితోనూ అనకు." నాలుగు మాటలును నాలుగు తాళములు. దురుద్దేశముతో పలికినవి కావు, అలవాటుచొప్పున పలికినవి. అలవాటును అలవాటుచేతనే త్రోయవలెను గనుక, వేరు మాటలను పదిసార్లు నోట పలికించవలెను: "చెప్పమ్మా, వింటున్నాను." "తరువాత ఏమయింది?" "నువ్వు చెప్పడం మంచిదయింది. ఇందులో నీ తప్పేమీ లేదు." "ఈ సంగతి నీకు సాయం చేసేవాళ్లకు చెప్తాను. ఊళ్లో అందరికీ చెప్పను." ఎవ్వరికిని చెప్పనని మాత్రము మాట యీయరాదు, ఏలయన ఆ మాట నిలుపుకొనుట సాధ్యము కాదు; మాట తప్పిన పెద్దవారిని ఆ బిడ్డ ఇదివరకే చూచియున్నది. ఈ వాక్యములను వాడుక భాషలోనే వ్రాసితిమి. గ్రంథభాషలో ఓదార్చినచో ఏ బిడ్డయు ఓదార్పు పొందదు.

వినునప్పుడు ప్రశ్నలు వేయు విధమును ప్రత్యేకముగ నేర్పవలెను. "అన్న నిన్ను ఇక్కడ ముట్టుకున్నాడా?" అని అడిగినచో, జవాబు మనమే అందించినవారమగుదుము. బిడ్డ భయముచేతనో, గౌరవముచేతనో ఔననును. తరువాత న్యాయస్థానమున ఎదుటి వకీలు ఆ ప్రశ్ననే పట్టుకొని, ఈ సంగతి ఉపాధ్యాయురాలు కల్పించినదనును. కావున "ఏమయింది?", "ఇంకా చెప్పు" అను వానితోనే ఆపవలెను. పూర్తి కథ రాబట్టుట సేవకుని పని కాదు. అనుమానము కలుగుటకు తగినంత వినినచో చాలును.

రెండవ యభ్యాసము వ్రాయుట. శిక్షకుడు ఒక పిల్ల మాటలను నిదానముగ చదివి వినిపించును. గ్రంథమును మూసి, విన్నదానిని అందరు వ్రాయవలెను. పిదప అందరి కాగితములను ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చదివినచో ఆశ్చర్యము కలుగును. పిల్ల "నాకు బాగోలేదు" అన్నచోట ఒకరు "బిడ్డ తీవ్ర మనోవేదన పొందెను" అని వ్రాయుదురు. పిల్ల తన ఇంటి మాటతో దేహభాగమునకు ఒక పేరు చెప్పినచోట, ఒకరు సిగ్గుపడి "అనుచిత స్థలమున" అని వ్రాయుదురు. ఆ వ్రాతవలన ఎవరికిని ఏమియు తెలియదు. మన ఇండ్లలో చిన్నపిల్లలకు ఈ భాగములకు ముద్దుపేర్లు నేర్పుదురు. అవి ఇంటింటికి మారును. ఒక ఇంటి పేరు ప్రక్కింటికి అర్థము కాదు. కావున పిల్ల పలికిన మాటను పలికినట్లే, తేదీ, సమయము, స్థలముతో అదే దినమున వ్రాసి సంతకము చేయుట నేర్పవలెను. దానికి ముందుగ పెద్దవారందరు ఆ భాగముల పేర్లను నవ్వక, తల వంచక పలుకుట అభ్యసింపవలెను. మొదట కొంత నవ్వులాట జరుగును. పావుగంటలో సద్దుమణగును.

మూడవది కష్టతరమైనది. ఇరువదేండ్ల ఉపాధ్యాయురాలు పిల్లలతో ఉండగా, సంఘమున మిక్కిలి గౌరవము గల పెద్ద యొకడు వచ్చి, "ఆ పిల్లను నాతో పంపు, పాట నేర్పించాలి" అనును. ఆమె నోట నిరాకరణము వచ్చునా? మన పల్లెలలో రాదు. కావున "నేను కూడా వస్తాను తాతగారూ" అను నాలుగు మాటలను ఆమెచేత అనిపించవలెను. అవమానింపదు, అనుమానింపదు, కాని పిల్లను ఒంటరిగ విడువదు. ఈ యభ్యాసములో పెద్దయొక్క పాత్రను నిజమైన సంఘపెద్దయే ధరింపవలెనని మా గట్టి యభిప్రాయము. ఆయన కూడ "సరేనమ్మా, రా" యని నలుగురి యెదుట పలుకుట నేర్చుకొనవలసియున్నది. ఒకసారి అందరి యెదుట అట్లు పలికిన పెద్ద, నిజముగ ఆ సందర్భము వచ్చినప్పుడు కోపపడుట కష్టము, ఉపాధ్యాయురాలికిని ధైర్యముండును.

చట్టమును బోధించుటకు ఒక గంట చాలును, కాని ఆ గంట తప్పక యుండవలెను. 2012లో చేయబడి, ఆ సంవత్సరము నవంబరు 14వ తేదీనుండి అమలులోనున్న పోక్సో చట్టము ననుసరించి పదునెనిమిదేండ్లు నిండని వారందరును బాలలే. ఆ చట్టపు 19వ సెక్షను ప్రకారము, బిడ్డపై లైంగిక నేరము జరిగినదని తెలిసినవారును, జరుగునేమో యని భయపడువారును పోలీసులకు తెలుపవలెను. తెలుపనివారికి 21వ సెక్షను ఆరు నెలలవరకు ఖైదు గాని, జుల్మానా గాని, రెండును గాని విధించుచున్నది. తన క్రిందివాడు చేసిన నేరమును దాచిన సంస్థాధికారికి ఒక సంవత్సరమువరకు ఖైదును జుల్మానాయు కలదు. మంచి మనస్సుతో తెలిపినవారిపై, తరువాత సంగతి ఋజువు కాకపోయినను, ఏ వ్యాజ్యమును చెల్లదు. ఈ తుది సంగతిని రెండుసార్లు చెప్పవలెను. "పొరపాటయితే నాపై కేసు వేస్తారేమో" అను భయము చాలమందిని ఆపుచున్నది.

"మొదట మన కమిటీ విచారించి, నిజమని తేలిన పిమ్మట పోలీసులకు చెప్పుదము" అను మాట సంఘములయందు తరచు వినబడును. వినుటకు న్యాయముగ నుండును గాని ఇదియే అన్నిటికంటె హానికరమైన మాట. చట్టము విచారణను కమిటీకి అప్పగింపలేదు. కమిటీ పిల్లను పిలిచి పదిమంది మగవారి యెదుట నిలిపి ప్రశ్నించులోగా, నేరస్థుడు సాక్ష్యములను చెరిపివేయును. పిల్ల భయపడి మాట మార్చును. పెద్దమనుష్యుల పంచాయితీలో డబ్బిచ్చి సమాధానపరచుట, పెండ్లి చేసి పరువు నిలుపుట మున్నగునవి తీర్పులు కావు, నేరమును కప్పిపుచ్చుటలు. ఇట్టివాని పేరు ఎత్తువారిని శిక్షణలోనే ఎదిరించి మాటలాడుట అభ్యసింపవలెను.

పోలీసులన్నచో బిడ్డకు మరింత భయము కలుగునని కొందరందురు. ఈ భయమును తగ్గించుటకే చట్టము కొన్ని కట్టుబాట్లు చేసినది. బిడ్డ మాటలను ఇంటియొద్దనే గాని, బిడ్డ కోరిన చోటనే గాని వ్రాసికొనవలెను. సాధ్యమైనంతవరకు సబు ఇన్స్పెక్టరు పదవికి తక్కువ గాని స్త్రీ ఉద్యోగి వ్రాసికొనవలెను. పోలీసు దుస్తులు ధరింపరాదు. బిడ్డను రాత్రివేళ ఠాణాలో ఉంచరాదు. బాలిక వైద్య పరీక్షను స్త్రీ వైద్యురాలే చేయవలెను. బిడ్డ పేరును, ఊరును, పాఠశాలను ఎవ్వరును ప్రచురింపరాదు. ఆ బిడ్డకొరకు ప్రార్థింపుడని సంఘపు వాట్సాపు గుంపులో పేరు పెట్టుటయు ఇట్టిదే. ఠాణాకు పోవుటకు జంకువారు 1098 అను నంబరునకు ఏ వేళనైనను రుసుము లేక ఫోను చేయవచ్చును. ఆ నంబరును సేవకులు కాగితముమీద వ్రాసికొన్నచో చాలదు. శిక్షణ జరుగు గదిలోనే ప్రతివారు తమ ఫోనులో దానిని నమోదు చేసికొనువరకు తరువాతి పాఠమునకు పోరాదు.

గదిలో నేర్పవలసినది ఇంత. గది వెలుపల నేర్పవలసినది మరియొకటి కలదు. దీనిని చేయువారిని మేము చాల అరుదుగ చూచితిమి. సేవకులందరు కలిసి దేవాలయపు ఆవరణమును పగలొకమారు, ప్రొద్దు క్రుంకిన తరువాత ఒకమారు నడచి చూడవలెను. ఎచ్చట తలుపు లోపలినుండి గడియ పడును? వస్తువులుంచు గదికి తాళపుచెవి ఎవరియొద్ద నున్నది? మరుగుదొడ్లకు పోవు త్రోవలో దీపమున్నదా? పాఠములు చెప్పు గదికి కిటికీ కలదా? మన గ్రామములలో దేవాలయములు చాలవరకు ఒంటి గది కట్టడములు. ఇద్దరు ఉపాధ్యాయులు దొరకుటయే కష్టము. ఐనను ఉపాయములు లేకపోలేదు. తలుపులు తెరచి యుంచవచ్చును. వేపచెట్టు క్రింద, నలుగురు నడచు బాటకు కనబడునట్లు తరగతి పెట్టవచ్చును. ఒక తల్లియో, అమ్మమ్మయో చాపమీద కూర్చుండి చూచుచుండవచ్చును. ఆమెకు చదువు రాకపోయినను కన్నులు కలవు. మోటారు సైకిలు వెనుక ఒక్క పిల్లను ఎక్కించుకొని ఇంటికి దింపుట, పిల్లలకు రాత్రివేళ విడిగా సందేశములు పంపుట, బహుమానములిచ్చి ఇంట చెప్పవద్దనుట మున్నగువానిని స్నేహభావముతో చేయువారు కూడ మానవలెను. మంచివాడు ఇట్లు చేయుటకు అలవాటుపడినచో, చెడ్డవాడు చేసినప్పుడు ఎవరికిని వింతగ తోచదు.

సేవకులను ఎన్నుకొనుటలో కూడ జాగ్రత్త కావలెను. "మనకు తెలిసినవాడే" అనునది పరీక్ష కాదని పైని చెప్పిన నివేదికయే చాటుచున్నది. 2020 నాటి పోక్సో నియమములు, పిల్లలతో నిత్యము వ్యవహరించు సంస్థలు తమ ఉద్యోగులనుగూర్చి అప్పుడప్పుడు పోలీసు విచారణ చేయింపవలెననియు, వారికి శిక్షణ ఇప్పింపవలెననియు చెప్పుచున్నవి. జీతములేని సేవకులనుగూర్చియు అట్లే చేయుట మేలు. క్రొత్తవాని మునుపటి ఊరి సంఘమునకు ఒక ఉత్తరము వ్రాసి అడుగుటయు, ఆరు నెలలు వేరొకరి తోడుగ పనిచేయించి చూచుటయు రూపాయి ఖర్చు లేని పనులు. పిల్లలవద్దకు పంపుమని తొందరపెట్టువానిని, ఎందులకు తొందరయో అడుగవచ్చును.

శిక్షణ ఫలించినదో లేదో హాజరు పట్టీవలన తెలియదు. చిన్న చిన్న అనుమానములను వ్రాయుటకు ఒక పుస్తకముంచి, ఇద్దరు బాధ్యులు, వారిలో ఒక స్త్రీ, దానిని తాళములో భద్రపరుపవలెను. సంవత్సరమంతయు ఆ పుస్తకము ఖాళీగ నున్నచో, మా సంఘము పరిశుద్ధమైనదని కొందరు సంతోషింతురు. మేము మాత్రము మరల శిక్షణ పెట్టుడందుము. "ఫలానా ఆదివారము ఒక పిల్లను ఇంటికి తీసికొనిపోవుటకు తల్లి పంపలేదని చెప్పి ఒకడు వచ్చెను, పంపలేదు" వంటి నాలుగు పంక్తులు ఉన్న పుస్తకమే సేవకుల కన్నులు తెరచియున్నవని చూపును.

ఈ పత్రిక చదువు మా పై తరగతుల విద్యార్థులతో ఒక మాట. మీరు చిన్నవారికి పాఠములు చెప్పుచున్నను, పదునెనిమిది నిండువరకు చట్టము దృష్టిలో మీరును బాలలే. మీకు పైన ఒక పెద్ద సేవకురాలో, సేవకుడో లేకుండ మీ చేతికి తరగతి నప్పగింపరాదు. అట్లు అప్పగించినచో మీరు అడుగవచ్చును. సంగతి తెలుపనందుకు విధింపబడు శిక్ష బాలలకు వర్తింపదని చట్టమే చెప్పినది. కాని ఒక పిల్ల మీకు చెప్పుకొన్నచో, అది మీ ఒక్కరి గుండెలో దాచుకొనదగిన బరువు కాదు, అదే దినమున నమ్మకమైన పెద్దవారికి చెప్పుడు. ఒకరు వినకున్న రెండవవారికి చెప్పుడు. ఇద్దరును వినకున్న 1098 కలదు. మీకే కీడు జరిగినప్పుడును ఇదే త్రోవ.

శిక్షణను సంవత్సరమునకు రెండుసార్లు తిరుగవేయుట మంచిది: వేసవి బడులకు ముందొకసారి, డిసెంబరుకు ముందొకసారి. డిసెంబరు అనుటకు కారణము కలదు. క్రిస్మసు పాటల బృందములు అర్ధరాత్రి దాటువరకు వీధి వీధి తిరుగును. నాటకముల అభ్యాసములు ప్రొద్దుపోవువరకు సాగును. చిన్నపిల్లలు నిద్రకు తాళలేక ఎవరింటి అరుగుమీదనో, వ్యానులోనో పండుకొందురు. ఎవరు ఎవరితో ఉన్నారో ఎవరికిని తెలియదు. బయలుదేరునప్పుడు పిల్లల పేర్లు వ్రాసికొని, ఒక్కొక్క అయిదుగురికి ఇద్దరు పెద్దవారిని ఏర్పరచి, తొమ్మిది గంటలకు చిన్నవారిని ఇంటింట తల్లి చేతికే అప్పగించి, ఆ పేరునకు ఎదురుగ గీత పెట్టుటకు ఒక కాగితమును, ఒక పెన్సిలును చాలును.